గుణదల ఇంట్లో సెంటర్ స్పీకర్

ముందే చెప్పేస్తున్నాను, నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఇది చదివాక మీకు నమ్మకం కలిగితే అది మీ ఇష్టం. పాతికేళ్లుగా బెజవాడలో, చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్లకి హోమ్ థియేటర్లు బిగించడం నా పని. ఆపేసిన స్పీకర్ గొణుగుతోందని భయపడి నన్ను పిలిచినవాళ్లు చాలామందే ఉన్నారు. వెళ్లి చూస్తే ఎర్తింగ్ సరిగ్గా ఉండదు, లేదా పక్కింటి వాళ్ల ఫోను బ్లూటూత్‌లో కలిసిపోయి ఉంటుంది. ప్రతి చప్పుడికీ ఒక కారణం ఉంటుందని వాళ్లకి చెప్పి వచ్చేవాణ్ణి. ఇప్పటికీ అదే చెబుతాను.

ఈ పని నేనూ మా బావా కలిసి చేసేవాళ్లం. బావ అంటే మా అక్క భర్త, వాళ్లది కంకిపాడు. సినిమాలో మాటలు దాదాపు అన్నీ టీవీ కింద పెట్టే సెంటర్ స్పీకర్‌లోంచే వస్తాయి. అది బిగించే ముందు బావ సరిగ్గా ఆ చోటే కింద కూర్చుని, పేపర్ తీసి మామూలు గొంతుతో వార్తలు చదివేవాడు. నేను సోఫాలో కూర్చుని వినేవాణ్ణి. మనిషి నోటి మాటే తేటగా వినపడకపోతే తప్పు గదిది, స్పీకర్‌ది కాదు అనేవాడు. ఒక్కో వార్త అయ్యాక తలెత్తి, "వినపడిందా, మళ్లీ చదవనా?" అని అడిగేవాడు. కస్టమర్లు మమ్మల్ని చూసి నవ్వుకునేవారు. వైర్లు కూడా తనే కలిపేవాడు, నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. పనిలో పడితే ఇల్లూ వాకిలీ గుర్తుండేవి కాదు.

రెండేళ్ల కిందట బావ గుండెపోటుతో పోయాడు. ఆ తర్వాత నేనొక్కణ్ణే చేస్తున్నాను. పేపర్ చదివే మనిషి లేడు కాబట్టి ఆ పరీక్ష మానేశాను. కొన్నాళ్లకి జనం మొదలుపెట్టారు, బావగారున్నప్పటి పని వేరండీ అని. నా మొహం మీదే అన్నారు. నాకు ఒళ్లు మండిపోయేది. అన్నేళ్లు సోఫాలో కూర్చుని ఏది బాగుందో ఏది బాగాలేదో చెప్పిన చెవులు నావే కదా. కానీ వరసగా మూడిళ్ల నుంచి ఫిర్యాదులొచ్చాయి. ఇంకోసారి పేరు పోతే ఈ పని వదిలేసి ఏదో ఒక షోరూమ్‌లో సేల్స్‌మన్‌గా చేరిపోతానని అక్కతో చెప్పాను. సరిగ్గా అప్పుడే గుణదల నుంచి గ్రేసమ్మగారు ఫోన్ చేశారు.

ఆవిడ రిటైరైన టీచరు. భర్త జోసెఫ్‌గారు ముప్ఫై ఏళ్లు మిషన్ల చప్పుడు మధ్య పనిచేసి చెవులు పాడుచేసుకున్న మనిషి. రెండు చెవులకీ వినికిడి మిషన్లున్నాయి. అవి తీసేస్తే ఎదురుగా నిలబడి అరిచినా సగం మాటలే అందుతాయి. ఇద్దరికీ సినిమాలంటే ప్రాణం. అందుకే హాల్లో పెద్ద టీవీ, స్పీకర్లు కొనుక్కున్నారు. కానీ ఆయనకి పాటలు వినపడేవి, ఫైట్లు వినపడేవి, మాటలు మాత్రం తెలిసేవి కాదు. గ్రేసమ్మగారు నవ్వాక ఆవిణ్ణి చూసి ఆయన నవ్వేవారట. తర్వాత అదీ మానేశారు. సినిమా పెట్టగానే లేచి వరండాలోకి వెళ్లిపోయేవారు.

"ఆయన పక్కన లేకుండా నేనొక్కదాన్నే ఏం చూస్తానండీ?" అన్నారు ఆవిడ.

బాగుచేసి చూపిస్తానని మాటిచ్చాను. సెంటర్ స్పీకర్ టీవీ బల్ల అరలో లోపలికంటా ఉండేది. దాన్ని అంచుకి జరిపి, మనిషి చెవులవైపు చూసేలా కొంచెం పైకి ఎత్తాను. టైల్స్ మీద తివాచీ వేయించాను, కిటికీలకి మందపాటి తెరలు కట్టించాను. మాటల స్థాయి పెంచి, పేలుళ్లు తగ్గించాను. గోడలో పాత వైరు పొట్టిగా ఉంటే కొత్త ముక్క కలిపి అతుకు వేశాను. ఆంప్లిఫయర్‌తో వచ్చిన మైకు పెట్టి కొలిస్తే ఆ స్పీకర్ దగ్గర ఏదో తేడా ఉందని టీవీ తెర మీద హెచ్చరిక వచ్చింది. గదిలో ప్రతిధ్వని ఉన్నా అలాంటిది వస్తుంటుంది. ఎప్పటిలాగే దాన్ని దాటేసి ముందుకెళ్లాను. ఇంత చేసినా జోసెఫ్‌గారు తల అడ్డంగా ఊపారు. మాట పల్చగా, దూరంగా ఉందన్నారు.

మూడోసారి వెళ్లినప్పుడు జరిగింది ఇది. ఉదయం పదకొండు గంటలు. ప్లగ్ పాయింట్ మార్చాలని గేటు పక్కన మెయిన్ ఆపేసి, అక్కడే ఫ్యూజు వైరు కూడా మారుస్తూ ఉండిపోయాను. ఇంట్లో కరెంటు లేదు. టీవీ లేదు, ఫ్యాను లేదు. గ్రేసమ్మగారు నాతోపాటే గేటు దగ్గర నిలబడి కూరగాయల బండివాడితో బేరమాడుతున్నారు. జోసెఫ్‌గారు హాల్లో ఒక్కరే ఉన్నారు. ఆయన చెవి మిషన్లు డబ్బాలో, డైనింగ్ టేబుల్ మీద ఉన్నాయి. డబ్బా నేనే పక్కకి జరిపాను కాబట్టి కచ్చితంగా చెప్పగలను.

పావుగంట తర్వాత లోపలికి వచ్చేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది. "మీతో వచ్చినాయన బ్రహ్మాండంగా చదివాడయ్యా. ఒక్క ముక్క పోలేదు. ఏడీ, వెళ్లిపోయాడా?" అన్నారు.

నాతో ఎవరూ రాలేదని సైగ చేసి చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. టీవీ బల్ల ముందు కింద కూర్చుని ఒకాయన పేపర్ చదివాడట. కాలవకి నీళ్లు వదలడం గురించి, మినుముల ధర గురించి. ప్రతి వార్తకీ ఆగి, వినపడిందా, మళ్లీ చదవనా అని అడిగాడట. పోయే ముందు ఒక మాట చెప్పి వెళ్లాడట.

"మధ్య స్పీకర్ వైరు అతుకు దగ్గర తిరగబడిందంట. మావాడికి చెప్పండి అన్నాడు."

నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది. ఎవరో నాతో ఆడుకుంటున్నారనుకున్నాను. గ్రేసమ్మగారిని అడిగాను. బావ సంగతి ఆవిడకి తెలియనే తెలియదు. మేం గతంలో ఆ ఇంటికి పనికి వెళ్లింది లేదు. వెనక తలుపు లోపలి నుంచి గడియ పెట్టే ఉంది. ముందు నుంచి ఎవరు వచ్చినా మమ్మల్ని దాటుకునే రావాలి. ఆ ఇంట్లో పేపర్ వేయించుకోరు.

తప్పని నిరూపిద్దామనే పరీక్ష పెట్టాను. ఆంప్లిఫయర్ దగ్గర వైరు చివర చిన్న బ్యాటరీ తాకిస్తే స్పీకర్ పొర బయటికి ఉబకాలి. లోపలికి పోయింది. మూత తీసి చూస్తే అతుకులో ప్లస్సు మైనస్సుకి, మైనస్సు ప్లస్సుకి కలిపేశాను. అలా తిరగబడితే మాట పల్చబడిపోతుంది. పాతికేళ్ల పనివాడు చేయాల్సిన తప్పు కాదది. మైకు చెప్పినా వినిపించుకోలేదు.

సరిచేసి కరెంటు వేశాను. జోసెఫ్‌గారు మిషన్లు పెట్టుకున్నాక పాత హాస్య సినిమా ఒకటి పెట్టాం. ఐదు నిమిషాలకి భార్యాభర్తలిద్దరూ ఒకేసారి నవ్వారు. గ్రేసమ్మగారు నవ్వు ఆపి ఆయన వైపు చూస్తూ ఉండిపోయారు.

తర్వాత ఎన్నో లెక్కలు వేసుకున్నాను. పెద్దాయన కునుకు తీసి కలగన్నారేమో. కాలవ నీళ్ల సంగతి అంతకుముందు టీవీలో చూశారేమో. అన్నిటికీ ఏదో ఒకటి చెప్పగలను. వైరుకి మాత్రం చెప్పలేను. ఆయనకి వైర్ల గురించి ఏమీ తెలియదు, ఆ అతుకు గోడ డబ్బాలో మూత కింద ఉంది. అయినా నేను నమ్మను.

ఆ ఆదివారం కంకిపాడు వెళ్లి అక్కకి జరిగింది జరిగినట్టు చెప్పాను. అక్క భయపడలేదు. అంతా విని ఒక్కటే అడిగింది.

"నా గురించేమన్నా అడిగారంటరా?"

లేదన్నాను. నాకు మళ్లీ కోపం ముంచుకొచ్చింది. అదే కదక్కా నేననేది, అది బావే అయితే, రెండేళ్ల తర్వాత వచ్చినవాడు నిన్ను ఒక్క మాటైనా అడక్కుండా వైరు సంగతి చెప్పి పోతాడా, అందుకే అది బావ కాదు అని గట్టిగా వాదించాను.

అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఏడుస్తూనే నవ్వింది.

"అయితే ఆయనేరా," అంది.