సమాధుల గేటు దగ్గర మదర్ గారు

కంచికచర్లలో మా బడి గంట కొట్టడానికి ఇంకా కొంచెం సమయం ఉండగా నందిగామ వైపు నుంచి వచ్చిన బస్సు బడి ముందు ఆగింది. కండక్టరు కిందికి దిగకుండా మెట్టు మీద నిలబడే కేకేశాడు. "టీచరు గారండీ, నందిగామ మఠంలో మీ పాత మదర్ గారు పోయారంటండి. పొద్దున పూజకి లేవలేదంట. పేటకి తీసుకెళ్తన్నారు, సాయంత్రం మట్టి." అంత మాట చెప్పి విజిలేసి వెళ్ళిపోయాడు. నేను సుద్దముక్క పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. మొన్న మంగళవారం సంగతి ఇది.

చనిపోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అందరినీ వెన్నముద్దలు చేసేస్తాం. మా మదర్ గారిని మెత్తటి మనిషని రాస్తే ఆవిడే లేచి వచ్చి నా చెవి మెలేస్తారు. ముక్కు మీద కోపం. గుంటూరు వైపు మోతుబరి రైతు ఇంటి ఆడపడుచు, చిన్నప్పుడే మఠంలో చేరారు. నేను పేటలో, అంటే జగ్గయ్యపేట మఠం బోర్డింగులో చేరేనాటికి అక్కడి సిస్టర్లకూ, బడికీ, మందుల గదికీ, మా యాభైమంది ఆడపిల్లలకూ ఆవిడే పెద్ద. తలకి నూనె కావాలన్నా ఆవిడ ముందు మోకరించి అడగాలి. సిస్టర్లయినా అంతే. ఇంట్లో మిరపకోతలకు పోయే అమ్మ వెనకాల ఇష్టం వచ్చినట్టు తిరిగిన నాకు అది మొదట్లో ఒళ్ళు మండే వ్యవహారం.

ఆవిడకు ఒకే ఒక్క బలహీనత, ఉప్పూకారం అద్దిన పచ్చి మామిడికాయ ముక్క. ఈస్టరుకు ముందొచ్చే తపస్సుకాలం సరిగ్గా కాయలొచ్చే రోజుల్లోనే పడుతుంది కదా, ఆ నలభై రోజులూ ఆవిడ ముక్క ముట్టేవారు కాదు. మానేసింది ఆవిడ, తపస్సు చేసింది మేము. ఆ రోజుల్లో ఆవిడ చెప్పుల చప్పుడు వినపడితే చాలు, కుక్కిన పేనుల్లా పడి ఉండేవాళ్ళం. ఈస్టరు పూజ కాగానే వంటగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరకు వేసుకునేవారు. బయటికి వచ్చేటప్పటికి మా అందరి తప్పులూ మాఫీ అయ్యేవి.

అలాంటి మనిషి, విచారణ ఫాదర్ గారు వస్తే మాత్రం కూర్చునేవారు కాదు. మా విచారణ అంటే పేట చుట్టుపక్కల పల్లెలన్నీ, వాటికి ఆయన పెద్ద. మఠం వరండాలో ఆయన కోసం ఒక కుర్చీ ఉండేది. ఆయన రాని రోజుల్లో కూడా దాంట్లో ఎవరూ కూర్చోరు. బడి నడిపేది ఆవిడ, కాగితాల మీద సంతకం ఆయనది. కరువు రోజుల్లో బోర్డింగుకి జొన్నలు తెప్పించడానికి ఆవిడ రైతుల గుమ్మాలెక్కి దిగితే, పూజలో కృతజ్ఞతలు ఆయనకు చెప్పేవారు. పీఠం మీద పూజపాత్ర తుడిచే గుడ్డలు ఉంటాయి, అవి ఉతికేది సిస్టర్లు. కానీ ఆడదాని చేయి పడకముందు ఫాదర్ గారు ఒకసారి నీళ్ళలో జాడించి ఇవ్వాలి. అప్పటి నియమం అది. ఆవిడ ఆ గుడ్డలకు గంజి పెడుతూ మాతో అనేవారు, "మొదటి నీళ్ళు వారివి, చాకిరీ మనది." మాటలో నిష్ఠూరం ఉండేది కాదు. ఈ రోజు ఎండ బాగుంది అన్నట్టు అనేవారు.

కానీ ఒక్క విషయంలో ఆవిడ ఎవరికీ తగ్గేవారు కాదు. పుట్టిన బిడ్డ ప్రాణం పోతున్నప్పుడు, ఫాదర్ గారు వచ్చే వ్యవధి లేనప్పుడు, జ్ఞానస్నానం ఎవరైనా ఇవ్వచ్చు, ఆడవాళ్ళైనా సరే. అందుకని పల్లెల్లో పురుళ్ళు పోసే ఆడవాళ్ళను సంత రోజున మందుల గది వరండాలోకి పిలిచి, గుడ్డబొమ్మను ఒళ్ళో పెట్టి, తల మీద నీళ్ళెలా పొయ్యాలో, ఏ మాటలు అనాలో నేర్పించేవారు. పెద్దపిల్లలం మేమూ కూర్చునేవాళ్ళం. "మనం పూజ చెయ్యలేం. పాపసంకీర్తనం విని ఎవరి పాపాలూ క్షమించలేం. ప్రసంగం చెప్పలేం. ఇదొక్కటి మన చేతిలో ఉంది. దీన్ని తప్పుగా చేశారంటే నేనూరుకోను" అనేవారు.

మా పల్లెలో పురుళ్ళు పోసేది మా నాయనమ్మ. పాలేటి గట్టు వైపు చిన్న ఊరు మాది. ఆమె కూడా సంతకు వచ్చినప్పుడు ఆ వరండాలో కూర్చునేది. పెద్దవాళ్ళ ఎదుట తల ఎత్తని మనిషి. బొమ్మ మీద నీళ్ళు పోస్తూ, చెప్పాల్సిన మాటల ముందు తనంతట తాను ఒక మాట చేర్చేది, "ఫాదర్ గారి సెలవుతో" అని. మర్యాద అనుకునేది పాపం. ప్రతిసారీ అదే. మదర్ గారికి చిర్రెత్తుకొచ్చేది.

"బిడ్డ ఊపిరి పోతా ఉంటే ఫాదర్ గారొచ్చి సెలవిచ్చేదాకా ఆగుద్దా? మధ్యలో ఎవర్నీ తేమాకు. అక్కడ నువ్వు, నీళ్ళు, దేవుడు. అంతే."

"అట్టాగేనమ్మగారూ" అనేది నాయనమ్మ. మళ్ళీ బొమ్మ చేతికి ఇస్తే మళ్ళీ ఫాదర్ గారి సెలవు అడిగేది.

నేను ఆరో క్లాసులో ఉండగా అమ్మకు మగబిడ్డ పుట్టాడు. పుట్టడమే నీలిరంగుతో పుట్టాడట. గదిలో అమ్మ, నాయనమ్మ తప్ప ఎవరూ లేరు. నాయనమ్మ చెంబు అందుకుని జ్ఞానస్నానం ఇచ్చింది. ఎండ ఎక్కేసరికి వాడు పోయాడు. మధ్యాహ్నం నాన్న, నా తమ్ముణ్ణి తెల్లగుడ్డలో చుట్టుకుని, నాయనమ్మతో పేటకు నడిచి వచ్చాడు. కబురు తెలిసి మదర్ గారు నన్ను తీసుకుని సమాధుల దొడ్డి దగ్గరకు వచ్చారు.

గేటు దగ్గర ఫాదర్ గారు నిలబడి ఉన్నారు. గేటుకి తాళం ఉంది. ఆ తాళం ఎందుకో మా వాళ్ళందరికీ తెలుసు. జ్ఞానస్నానం పొందిన బిడ్డకే గోడ లోపల చోటు. పొందని బిడ్డను గోడ అవతల కంపచెట్ల మధ్య పెట్టాలి, వాడికి మోక్షం కూడా లేదని చెప్పేవారు. ఇంటి దగ్గర మంచం మీద ఉన్న మా అమ్మకు ఆ రోజు మిగిలిన ఆశ ఆ గోడ ఒక్కటే.

ఫాదర్ గారు చెడ్డవారు కాదు. కలరా నాడు మా పల్లెలో శవాలకు భుజం పట్టిన మనిషి. కానీ నియమమంటే ఆయనకు ప్రాణం. "ఎవరిచ్చారు జ్ఞానస్నానం?" అని అడిగారు.

నాన్న నాయనమ్మ వైపు చూశాడు. నాయనమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుంది. తను చేసింది ఫాదర్ గారి పని కదా, అది ఆయన ముఖాన ఎట్లా చెప్తుంది? "నాకేం తెల్దు బాబయ్యా" అంది.

నాన్న ముఖం పాలిపోయింది. "అదేందమ్మా, పోశానన్నావుగా!"

"నాకేం తెల్దు."

ఫాదర్ గారు నిట్టూర్చారు. "చూశారా మదర్. పోసిందో లేదో, పోస్తే ఏమని పోసిందో. చదువు లేని ముసలామె. అనుమానం పెట్టుకుని లోపల పెట్టమంటే నా వల్ల కాదు."

"ఆమెకు నేర్పింది నేను ఫాదర్" అన్నారు మదర్ గారు.

"నేర్పడం వేరు, చెయ్యడం వేరు. ఆమె నోటితో చెప్పనివ్వండి."

అప్పుడు మదర్ గారు ఒక పని చేశారు. మా విచారణలో అంతకుముందు ఎవరూ చేసి ఉండరు. ఫాదర్ గారికి వీపు పెట్టి, ఆయనకూ నాయనమ్మకూ మధ్య నిలబడ్డారు. ఆ తెల్లటి అంగీ అడ్డం వచ్చాక నాయనమ్మకు ఆయన కనపడే వీలు లేదు.

"నన్ను చూడు. నన్నే చూడు. ఇక్కడ ఇంకెవరూ లేరు. పొద్దున బిడ్డకి ఏం చేశావో నాకు చెప్పు."

నాయనమ్మ తల ఎత్తి ఆవిడ ముఖంలోకి చూసింది. తర్వాత చిన్నగా చెయ్యి ఎత్తి, చెంబు వంచినట్టు వంచి, మొదలుపెట్టింది. పిత పేరు, పుత్రుని పేరు, పవిత్రాత్మ పేరు, ఒక్కో పేరుకు ఒక్కోసారి చెయ్యి వంచింది. నేను నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను అనేదాకా ఒక్క మాట పొల్లు పోలేదు. ఫాదర్ గారి సెలవు అడగలేదు! అయిపోయాక గబుక్కున అంది, "ఆడు నా చేతిలో ఎగశ్వాస పెడతంటే ఇంకేం గుర్తు రాలేదమ్మగారూ. మీరు చెప్పిందే గుర్తొచ్చింది."

ఫాదర్ గారు జేబులోంచి తాళంచెవి తీశారు. గేటు తెరిచి, నాన్న చేతుల్లోంచి తమ్ముణ్ణి తనే అందుకుని లోపలికి నడిచారు. ప్రార్థన అంతా ఆయనే చెప్పారు.

మట్టి వేసి బయటికి వచ్చాక, గేటు దగ్గర ఎర్రమట్టిలో, పనివాళ్ళూ మేమూ అందరం చూస్తుండగా, మదర్ గారు ఫాదర్ గారి ముందు మోకరించారు. "మీకు వీపు పెట్టాను, క్షమించండి ఫాదర్" అన్నారు. ఆయన కంగారు పడిపోయారు. "లేవండి మదర్, లేవండి" అంటూ రెండడుగులు వెనక్కి వేశారు. ఆయన చెయ్యి ఎత్తి దీవించేదాకా ఆవిడ లేవలేదు.

నాకు అది చాలా ఏళ్ళు మింగుడు పడలేదు. గెలిచినవాళ్ళు మోకరించడమేమిటి? తర్వాత ఆవిడ పదవీకాలం అయిపోయి నందిగామ మఠానికి మామూలు సిస్టర్‌గా వెళ్ళారు. అక్కడ పెద్ద ఎవరనుకున్నారు? మా బోర్డింగులో చదివిన పిల్లే, నాకంటే రెండేళ్ళు పెద్ద. టీచరు ఉద్యోగం వచ్చాక నేను చూడడానికి వెళ్తే, మదర్ గారు ఆ అమ్మాయి దగ్గరకు వెళ్ళి, "మా పిల్ల వచ్చిందమ్మా, కాసేపు మాట్లాడుకోవచ్చా?" అని సెలవడిగారు. ఆ అమ్మాయి సిగ్గుతో చచ్చిపోయింది. నేను ఊరుకోలేక అడిగేశాను, ఎందుకండీ ఇలా వంగడం, ఆనాడు గేటు దగ్గర కూడా ఎందుకు వంగారు అని.

ఆవిడ మామిడి ముక్క నములుతూ చెప్పారు. "చెప్పాల్సింది నిలబడి చెప్పా. వంగాల్సింది తర్వాత వంగా. ముందే వంగితే చెప్పలేమే పిచ్చిదానా."

"ఆయనెప్పుడన్నా మీ ముందు వంగారా?"

ఆవిడ నవ్వారు గానీ జవాబివ్వలేదు. ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. ఆ జవాబు నాకు ఇంకా బాకీ ఉంది. ఇప్పుడు లాటిను పోయి పూజ తెలుగులోకి వచ్చింది, ఫాదర్లు మా వైపు తిరిగి చెప్తున్నారు. ఏవేవో మారతాయంటున్నారు. మొన్న పేటలో ఆవిడ పెట్టెను మోసినవాళ్ళు మాత్రం అందరూ మగవాళ్ళే. మేము ఆడవాళ్ళం వెనక నడుస్తూ పాడాం. బాగా పాడాం, ఆ మాట చెప్పుకోవాలి.

ఆవిడ దగ్గర చదువుకున్నందుకు, తిట్లు తిన్నందుకు, నా బతుకంతా కృతజ్ఞత ఉంటుంది. అయితే ఆవిడను తలుచుకుంటే నాకు కళ్ళముందు కనపడేది బడి కాదు, గేటు కూడా కాదు. ఆ సాయంత్రం మా ఇల్లు.

సమాధుల దగ్గర్నుంచి ఆవిడ మఠానికి తిరిగి వెళ్ళలేదు. సిస్టర్లు ఒంటరిగా బయటికి పోకూడదు గనక నన్ను తోడు పెట్టుకుని, నాన్నా నాయనమ్మల వెనకే మా పల్లెకు నడిచారు. తలుపు దగ్గర వంగి లోపలికి వచ్చి, పీట వేసేలోపే అమ్మ మంచం పక్కన నేల మీద కూర్చున్నారు. అమ్మ ఏడవడం లేదు. అందరి ముఖాలూ చూసి, చివరికి ఆవిడనే అడిగింది.

"లోపలేనా అమ్మగారూ?"

"లోపలే. మీ అత్త పోసిన నీళ్ళు చెల్లినయ్."

అమ్మ కళ్ళు మూసుకుంది. చాలాసేపటికి తెరిచి, ఆవిడ తెల్లటి అంగీ మీద మోకాళ్ళ దగ్గర రెండు చోట్ల అంటిన ఎర్రమట్టిని చూసింది. "అయ్యో, బట్టంతా పాడైందే" అంటూ లేవలేక లేచి, చెంబులో కొంగు తడిపి, తుడవడం మొదలుపెట్టింది. ఆ మట్టి ఎలా అంటిందో అమ్మ అడగలేదు. మదర్ గారు చెప్పలేదు. కాళ్ళు చాపుకుని, అమ్మ తుడుస్తున్నంతసేపూ కదలకుండా కూర్చున్నారు.