బ్రష్షమ్మ కాపలా

అడవి గేటు దగ్గర కూర్చునే ఆవిడను ఊరంతా బ్రష్షమ్మ అనేది. ప్రేమతో పెట్టిన పేరు కాదది. నడకకు వచ్చిన ప్రతివాడూ ఆమె ముందు ఆగి, గట్టి బ్రష్షుతో బూట్ల అడుగున మట్టి గోకి, మందునీళ్ళ తొట్టిలో కాళ్ళు ముంచి మరీ లోపలికి వెళ్ళాలి. తొందరపెట్టేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళుమంట. "మేం అడవిని ప్రేమించేవాళ్ళమండీ" అని నవ్వే పెద్దమనుషులంటే మరీ మంట. "ప్రేమ సంగతి తర్వాత, ముందు మడమ చూపించండి" అనేది. ఆమె మీద వెళ్ళిన ఫిర్యాదులకు లెక్క లేదు, ఆమెకు ఖాతరూ లేదు.

ఆ మొండితనానికి కారణం ఉంది. ఆమె పుట్టి పెరిగింది కొండకు అవతల, ఇంకో అడవి అంచున. తోటల్లో అందానికని ఎవరో సముద్రాలు దాటించి తెచ్చిన మొక్కల కుండీల్లో, మట్టితో పాటే ఒక తెగులు దిగింది. ఆ మొక్కలకు అది పాత చుట్టం, వాటినేమీ చెయ్యదు. ఇక్కడి చెట్లకు దాని ముఖమే తెలియదు. అది చెప్పులకంటిన మట్టిలో ఊరేగి, వేళ్ళు పట్టి, బెరడు నల్లగా కారేలా చేసి, కొమ్మల చివర్ల నుంచి ఎండగట్టుకుంటూ వచ్చింది. ఎండిన చెట్లను కొట్టేసే రంపాల చప్పుడు ఆగేసరికి అక్కడ అడవి లేదు, మొద్దులు మిగిలాయి. ఆమె అదంతా కళ్ళారా చూసింది. పక్కనే నిలబడి తమ్ముడూ చూశాడు.

ఆ తమ్ముడికి ఇప్పుడు సొంత నర్సరీ ఉంది. అప్పుడప్పుడు అక్కను చూడటానికి గేటు దగ్గరికి వచ్చేవాడు. ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పి, అడుగు శుభ్రంగా గోకేవాడు. "వీణ్ణి చూసి నేర్చుకోండి" అని ఆమె వరసలో ఉన్నవాళ్ళను దెప్పిపొడిచేది. బుద్ధున్నవాడు లోకంలో తన తమ్ముడొక్కడేనని ఆమె నమ్మకం.

వానలు తగ్గాక, అడవి నడిమధ్యన, కాలిబాట కూడా లేని చోట ఒక చెట్టు బెరడు నల్లగా కారింది. తర్వాత దాని పక్కది. ఆమె పరుగున వెళ్ళి చూసింది. చెట్ల మధ్య ఖాళీల్లో కొత్త మొక్కలు నాటి ఉన్నాయి, పక్కనే ఖాళీ ప్లాస్టిక్ కుండీలు పడి ఉన్నాయి. వాటి మీద తమ్ముడి నర్సరీ ముద్ర. తొందరగా పెరుగుతాయని అడవి ఆఫీసరు విదేశీ మొక్కలు కొన్నాడట, లారీలు వెనక గేటు నుంచి వచ్చాయట. అక్క ముందు గేటు దగ్గర జనం మడమలు వెతుకుతుంటే, తమ్ముడు వెనక నుంచి కుండీల కొద్దీ మట్టి దించాడు. ఆమెకు ఏడుపు రాలేదు. వెనక గేటుకు వెయ్యడానికి ఒక పెద్ద తాళం వెతికింది.

మర్నాడు తెల్లవారకముందే లోపలికి వెళ్ళి మిగిలిన మొక్కలు దించిన అతని లారీ, బయటికి పోవడానికి తిరిగి వచ్చేసరికి వెనక గేటుకు తాళం వేసి ఉంది. తాళం ముందు బ్రష్షమ్మ నిలబడి ఉంది.

"అక్కా, తాళం తియ్యి."

"టైర్లు కడుగు."

"తెగులు లోపలికి ఎలాగూ వచ్చేసింది కదా. ఇంకా కడిగి ఏం లాభం?"

"లోపలికి రాకుండా కాదురా, బయటికి పోకుండా. నీ లారీ ఇక్కణ్ణించి ఎన్ని ఊళ్ళు తిరుగుతుందో నాకు తెలీదా?"

"నేను అమ్మకపోతే ఇంకొకడు అమ్మేవాడు. నా ఒక్కడి మీదే పడతావేం?"

"ఆ ఇంకొకడు మన కొండ మీద మొద్దులు చూడలేదు. నువ్వు చూశావు."

అతను ఆఫీసరుకు ఫోన్ కలిపి ఆమె చేతికిచ్చాడు. ఉద్యోగం ఊడుతుందని అవతలి గొంతు బెదిరించింది. "ఊడితే ఊడనివ్వండి, తాళంచెవి మాత్రం నా దగ్గరే ఉంది" అని ఆమె ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

ఇక గత్యంతరం లేక అతను చొక్కా చేతులు మడిచి, మట్టిలో చతికిలబడి టైర్లు కడిగాడు. ఆమె ఒక్కో టైరూ వంగి చూసింది, వెనక టైర్లు మళ్ళీ కడిగించింది. ఆ తర్వాతే తాళం తీసింది.

లారీ ఎక్కుతూ అతను గొంతు మెత్తబరిచాడు. "ఆదివారం ఇంటికొస్తానక్కా. నెమ్మదిగా మాట్లాడుకుందాం."

"ఎంత కడుక్కుని వచ్చినా సరే, ఇంక నా గడప తొక్కకు" అంటూ ఆమె గేటు బార్లా తెరిచింది.