గుర్తు మాత్రమే అన్నాను

మా జువాలజీ సారు పోయారని ఆదోని నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను హైదరాబాదులో మైక్రోస్కోపు ముందు ఉన్నాను. ఫోన్ పెట్టేసి మళ్ళీ అందులోకే చూశాను. ఏడుపు రాలేదు. అప్పటి నుంచీ మనసుకు కుదురు లేదు. ఆ కుదురు లేకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

సారుది ఎమ్మిగనూరు చేనేత కుటుంబం. రోజూ బస్సులో ఆదోనికి వచ్చి పాఠం చెప్పేవారు. ఒకసారి క్రోమోజోములు చూపించడానికి ఇంటి నుంచి రంగురంగుల నూలు పోగులు తెచ్చారు. సంచిలోంచి తీస్తే అన్నీ కలిసి ఒకే ఉండ. మగ్గం పక్కన పుట్టిన మనిషి గంజి పెట్టని నూలు తెచ్చారు మరి! క్లాసంతా నవ్వింది. ఆయనా నవ్వి, పీరియడంతా చిక్కు తీస్తూనే పాఠం చెప్పారు. నేను ఈ చదువులో పడింది ఆ రోజే, ఆయన పుణ్యమే.

పోయినేడు ఆయనకు క్యాన్సర్ అని తేలింది. రిపోర్టు ఫోటో నాకు పంపి ఫోన్ చేశారు. అందులో కేఐ-67 అనే ప్రొటీన్ ప్రస్తావన ఉంది. విభజన చెందే కణాల్లో కనబడుతుంది కాబట్టి, జబ్బు ఎంత జోరుగా ఉందో దాన్ని బట్టి అంచనా వేస్తారు. ఆయనకు అది చాలా ఎక్కువగా ఉంది. ఆయన మాత్రం జబ్బు మాటే ఎత్తలేదు.

“ఏమ్మా, ఈ ప్రొటీన్ జబ్బుకు గుర్తు మాత్రమే అంటారు గానీ, పని లేనిదాన్ని కణం ఊరికే ఎందుకు చేసుకుంటాది? మా ఇండ్లల్లో పోగుకు పోగు అతుక్కోకుండా పడుగుకు గంజి పెడతారు సూడు, ఇదీ అట్లాంటిదే ఏమో.”

నేను పరిశోధన చేసేది దాని మీదే. విభజనప్పుడు అది క్రోమోజోముల మీద పూతలా పరుచుకుని వాటిని అతుక్కోనివ్వదు. దాన్ని తీసేసినా కణాలు విభజన చెందుతూనే ఉంటాయి. కానీ క్రోమాటిన్‌లో, అంటే ప్రొటీన్లకు చుట్టుకుని ఉన్న డీఎన్ఏలో, బిగుతుగా ఉండాల్సిన భాగాలు సడలి చెదిరిపోతాయి. ఎందుకలా అన్నది ఇంకా పూర్తిగా తెలియదు. ఇదంతా చెబితే ఎంత మురిసిపోయేవారో! కానీ మాట సాగితే ఆ రిపోర్టు దగ్గరికే వస్తుందని భయపడ్డాను.

“దానికి పనేం లేదు సార్. గుర్తు మాత్రమే” అన్నాను.

“అట్లనా. కండ్లతో సూసేదానివి, నీకే తెలుస్తాది” అన్నారు.

తర్వాత చెబుదాంలే అనుకున్నాను. ఆయన మళ్ళీ అడగలేదు, నేను చెప్పలేదు. పిరికితనానికి ప్రేమ అని పేరు పెట్టుకున్నాను.

ఆయన పోయారని ఫోన్ వచ్చిన మరునాడు ఎమ్మిగనూరు వెళ్ళాను. సారు భార్యను మేమంతా అమ్మా అనే పిలుస్తాం. ఆమె ఒక నోటుబుక్కు నా చేతిలో పెట్టింది. వీధి పిల్లల కోసం ఆయన రాస్తున్న పాఠాలట.

“నీకు సూపియ్యల్లని ఆశపడి రాసినాడమ్మా. నీతో మాట్లాడినంక మూసి పెట్టేసినాడు” అంది.

చివరి పాఠం ఆ ప్రొటీన్ గురించే. పెన్సిలుతో గీసిన పడుగు, దాని మీద గంజి పూత, పక్కనే క్రోమోజోములు. కిందంతా గుండ్రటి అక్షరాలు. ఒక్క వాక్యం కూడా తప్పు లేదు. పేజీ ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్ర సిరాతో ఒకటే గీత. మా జవాబు పత్రాల్లో వేసినట్టే, చివర్న తనకు తానే సున్నా వేసుకుని, కింద సంతకం పెట్టుకున్నారు.