కుక్కను వదిలిన ధర్మరాజు

ఆదివారం తొమ్మిదింటికి సత్యవాణి తెలుగు సంఘం హాలు తాళం తీసేది. పూరీ గేట్ దాటాక, రైల్వే క్వార్టర్ల వరస చివర, రేకుల కప్పు హాలు. చాపలు తనే పరిచేది. వారంలో ఆరు రోజులు ఆమె వర్క్‌షాపు స్టోర్సులో గుమస్తా. ఏడో రోజు తెలుగు టీచరు. పిల్లలు టీచర్ దీదీ అనేవారు. వాళ్ళను విని పెద్దవాళ్ళూ అలాగే పిలవడం మొదలుపెట్టారు.

ఆమెకు యాభై రెండేళ్ళు. తండ్రి టెక్కలి దగ్గరి ఊరి నుంచి ఈ పరాయి రాష్ట్రపు రైల్వే ఊరికి వచ్చి బాయిలర్ షాపులో చేరాడు. ఆమె ఇక్కడే పుట్టింది, హిందీ బడిలో చదివింది. తెలుగు అక్షరాలు తల్లి నేర్పింది, చేటలో బియ్యం పరిచి వేలితో దిద్దించి. ఆమె తెలుగు చదవగలదు. నెమ్మదిగా చదువుతుంది. ఎంత నెమ్మదిగానో ఎవరికీ తెలియదు.

పిల్లలకు అదీ రాదు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, రాయవలసివస్తే హిందీ అక్షరాల్లో రాసుకుంటారు. ఆమె వద్దనలేదు. కథ చెవిలో తెలుగులో పడితే చాలు, చేతికి ఏ అక్షరం వస్తే అది రాసుకోనీ అనుకుంది.

మొదట్లో ఏడుగురు వచ్చేవారు. భారతం చెబుతుంటే గోడ గడియారం చూసేవారు. ఒకరోజు జెనీ అనే పిల్ల, భీముడూ వీర్‌భానూ కొట్టుకుంటే ఎవరు గెలుస్తారని అడిగింది. వీర్‌భాన్ ఎవరని సత్యవాణి అడిగితే అందరూ నవ్వారు. టీవీలో రోజూ ఎనిమిదింటికి వచ్చే 'వజ్రద్వార్' అనే హిందీ సీరియల్లో రాజు అతను. రాజ్యం పోగొట్టుకుని, భూరా అనే తోడేలును వెంటబెట్టుకుని, లోకం చివర ఉన్న వజ్రాల తలుపు కోసం నడుస్తూ ఉంటాడు. మాయలు, రెక్కల ఏనుగులు, మాట్లాడే కత్తులు.

ఆ సాయంత్రం నుంచి సత్యవాణి కూడా చూసింది. తరువాతి ఆదివారం, ఈ వారం వీర్‌భాన్‌కు ఏమైందో చెప్పమని పిల్లల్నే అడిగింది. శత్రువులు లక్క కోట కట్టారా? మన భారతంలో ఒక ఇల్లు ఉంది, అదీ లక్కదే. రాణి బిడ్డను నదిలో వదిలిందా? మన దగ్గరా ఒక తల్లి వదిలింది. పిల్లలు ముందుకు జరిగి కూర్చున్నారు. ఆరు నెలల్లో ఏడుగురు ఇరవై ముగ్గురయ్యారు. జెనీ వాళ్ళ తిమోతి మావయ్య కూడా ఒకసారి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. సంఘం కార్యదర్శి రాజశేఖర్ వార్షిక సభలో ఆమె పేరు చెప్పి చప్పట్లు కొట్టించాడు. ఆమె తల వంచుకుని కూర్చుంది. ఆ చప్పట్లు ఆమెకు ఇష్టమయ్యాయి.

ఇంట్లో తండ్రి వదిలిన వచన భారతం ఉంది. అట్ట ఊడిన లావు పుస్తకం. అందులో ఆమె అరణ్యపర్వం సగం దాకా వచ్చి ఆగింది. అక్కడి నుంచి తండ్రి డ్యూటీ దిగి వచ్చి చెప్పినదాంట్లో గుర్తున్నంతే ఆమె భారతం. గుర్తులేని చోట సీరియల్ ఉండేది. ఇది మొదట ఒక మాటతో మొదలైంది. తరువాత ఒక సంఘటన. ఏది దేనిదో ఆమెకే తెలియని చోట్లు వచ్చాయి. పిల్లలు అడగలేదు కాబట్టి ఆమె వెతకలేదు.

మాఘమాసంలో సీరియల్ ఒక భాగం ముగిసింది. వీర్‌భాన్ వజ్రాల తలుపు చేరాడు. జంతువుకు లోపల చోటు లేదన్నారు. అతను ఏడ్చి, భూరాను బయట వదిలి, లోపలికి వెళ్ళాడు. భూరా ఆ తలుపు ముందు పడుకుని రాయి అయిపోయింది.

ఆ ఆదివారం పిల్లలు వేరే ఏ కథా వినేలా లేరు. పాండవులు కూడా చివర్లో ఇలాగే నడిచారని, ధర్మరాజు వెంట ఒక కుక్క ఉందని సత్యవాణి చెప్పింది. ద్రౌపది పడిపోవడం తెలుసు. తమ్ముళ్ళు ఒక్కొక్కరే పడిపోవడం తెలుసు. కుక్కను ఆపారని తెలుసు. తరువాత ఏమైందన్న చోట ఆమె ఒక క్షణం ఆగింది. తండ్రి ఇంకేదో చెప్పినట్టు లీలగా అనిపించింది. పుస్తకం ఇంట్లో ఉంది. వచ్చే ఆదివారం చెబుతానని ఒక్క మాట అంటే సరిపోయేది. ఇరవై మూడు ముఖాలు ఆమెనే చూస్తున్నాయి. ధర్మరాజు ఏడ్చాడని చెప్పింది. కుక్కను తలుపు బయట వదిలి లోపలికి వెళ్ళాడని చెప్పింది. ఇద్దరు ముగ్గురు పిల్లలు కళ్ళు తుడుచుకున్నారు. ముందు వరసలో కూర్చున్న నీలవేణి మాత్రం తలెత్తి ఆమె ముఖంలోకి చూసి, మళ్ళీ వంగి రాసుకుంది.

నీలవేణికి పన్నెండేళ్ళు. సుభాష్‌పల్లిలో ఇల్లు. ఆ పిల్ల తాత నూకయ్య వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో ఒక వాడుక ఉంది. మనిషి పోయిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆ ఇంట్లో పాండవుల చివరి ప్రయాణం పైకి చదువుతారు. పోయినవాడు ఇంకా దారిలోనే ఉంటాడని, తనకంటే ముందు ఆ దారిన ఎవరు ఎలా నడిచారో వింటాడని నమ్మకం. ముప్పై ఏళ్ళుగా ఏ ఇంట్లో చావైనా చదివేది నూకయ్యే. పుస్తకం చూడవలసిన అవసరం కూడా అతనికి లేదు. ఆ మధ్యాహ్నాలు సత్యవాణి స్టోర్సులో డ్యూటీలో ఉండేది, ఒక్కసారీ చివరిదాకా వినలేదు.

ఫాల్గుణంలో నూకయ్య పోయాడు. అతనికి చదివేవాళ్ళు లేరు. మనవరాలు దీదీ దగ్గర ఆ కథ రాసుకుందట, ఆ పిల్లే చదువుతుందని అన్నారు. సత్యవాణి తొమ్మిదో రోజు సెలవు పెట్టి వెళ్ళింది. ఆడవాళ్ళ చాప మీద ముందు కూర్చుంది. నూకయ్య రిటైరైన రోజు దండతో తీయించుకున్న ఫోటో బల్ల మీద ఉంది. గదిలో ఇరవై మంది దాకా ఉన్నారు.

నీలవేణి బాగా చదివింది. హిందీ అక్షరాల్లో నుంచి తెలుగు తడబడకుండా వచ్చింది. ద్రౌపది పడింది. సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు పడ్డారు. ఆడవాళ్ళు ముక్కు చీదుకున్నారు. సత్యవాణి తన పక్కన ఉన్నావిడ చేయి నొక్కింది. నా పిల్ల, అన్నట్టు.

"వజ్రాల తలుపు దగ్గర ధర్మరాజు ఏడిసినాడు. కుక్కను బయట వదిలీసి లోపలికి పోయినాడు," అని నీలవేణి చదివింది.

నూకయ్య భార్య సింహాచలమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్ళు తెరిచింది.

"ఆగు బుల్లీ. తలుపేటి? రథం గదా వచ్చింది."

"తలుపు మామ్మా."

"కుక్కని వదిలీసినాడా?"

"వదిలీసినాడు మామ్మా."

"మీ తాత సదివినప్పుడు ఎప్పుడూ వదల్లేదు."

గుమ్మం దగ్గర కూర్చున్న ప్రేమ్‌కుమార్ గొంతు సవరించుకున్నాడు. అతను ఆ ఇంటి అల్లుడు, ప్రేమ్ బజార్‌లో జిరాక్సు షాపు నడుపుతాడు. "అది భారతం కాదత్తా. వజ్రద్వార్. మొన్న మా ఇంట్లో సూసినాం. మావయ్యని సీరియల్లో ఎక్కించీసినారు," అన్నాడు.

ఎవరో ఆపుకోలేక నవ్వారు. మరొకరు నవ్వారు. చావు ఇంట్లో నవ్వు పుడితే తొందరగా ఆగదు. ఫోటో ముందు దీపం వెలుగుతూ ఉంది. నీలవేణి నోటుబుక్కు మీద వేలు పెట్టి అలాగే నిలబడింది.

"టీచర్ దీదీ చెప్పినారు," అంది.

అందరూ సత్యవాణి వైపు తిరిగారు. అప్పుడు కూడా ఒక మాట సరిపోయేది.

"నేను రెండు కథలూ చెప్పినాను. రాసుకున్నప్పుడు కలిపీసినట్టున్నాది," అంది సత్యవాణి.

గొంతు మామూలుగానే వచ్చింది. చిన్నగా నవ్వింది కూడా, పిల్లల తప్పును పెద్దవాళ్ళు మన్నించినట్టు. నీలవేణి ఆమె వైపు చూడలేదు. నోటుబుక్కు మూసింది. తాత కర్మకి సినిమా కథ చదువుతావా అని తల్లి పిల్ల భుజం పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

మిగిలిన కథ సింహాచలమ్మ చెప్పింది, కూర్చున్న చోటనే. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమన్నాడు. కుక్క వద్దన్నాడు. నన్ను నమ్మి ఇంత దూరం నా వెనకాల వచ్చింది, దీన్ని విడిచి నేను రానని ధర్మరాజు అన్నాడు. అప్పుడా కుక్క కుక్కగా లేదు, యమధర్మరాజై నిలబడింది. "అదీ కథ," అంది ముసలమ్మ. సత్యవాణి చాప ఈనెల్ని చూస్తూ విన్నది. తండ్రి గొంతు ఇప్పుడు స్పష్టంగా గుర్తుకొచ్చింది. అవే మాటలు.

ఆ సాయంత్రం పుస్తకం తీసి చూసింది. ఆ ఘట్టం మూడు పేజీలు. చదవడానికి ఆమెకు ముప్పావు గంట పట్టింది.

తరువాతి ఆదివారం నీలవేణి క్లాసుకు రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. పూరీ గేట్‌లో ఒక ముసలావిడ పోతే, చదవడానికి నీలవేణిని పిలుద్దామా అని ఎవరో అన్నారట. ఆ పిల్ల వద్దు, సీరియల్ చదువుతుంది అన్నారట. తొమ్మిదో రోజు ఆ ఇంట్లో ఏమీ చదవలేదు. సత్యవాణికి ఇది స్టోర్సులో తెలిసింది, టీ తాగుతున్నప్పుడు. చెప్పినామె నవ్వుతూ చెప్పింది. సత్యవాణి కూడా నవ్వింది. సీటు దగ్గరికి వచ్చి కూర్చున్నాక ఆ నవ్వు తన ముఖం మీద ఇంకా ఉన్నట్టు తెలిసి, అరచేత్తో తుడుచుకుంది.

ఆ రోజే సుభాష్‌పల్లి వెళ్ళింది. సింహాచలమ్మ ఒక్కతే ఉంది. తప్పు తనదని, పిల్లది కాదని సత్యవాణి చెప్పింది.

"నాకు తెల్సు. ఆ పిల్ల కలపదు," అంది ముసలమ్మ. "నాకు సెప్పి ఏటి లాభం దీదీ? ఆ రోజు ఇన్నోళ్ళకి సెప్పు."

విన్నవాళ్ళు ఇరవై మంది. సత్యవాణి పదకొండు ఇళ్ళకు తిరిగింది. డ్యూటీ దిగాక రోజుకు రెండు, మూడు. ప్రతి ఇంట్లోనూ చెప్పులు విప్పి, నిలబడే చెప్పింది. కథ నేను తప్పు చెప్పాను, అడిగితే పిల్ల మీదికి తోశాను. తిడతారనుకుంది. ఎవరూ తిట్టలేదు. ఇంత చిన్నదానికా అన్నారు. కుర్చీ వేశారు. కొందరికి ఆ రోజు ఆమె అన్న మాటే గుర్తు లేదు, కానీ ఆ పిల్ల సీరియల్ చదివిందన్నది గుర్తుంది. ఒకావిడ మొత్తం విని, అయితే వజ్రద్వార్ కొత్త భాగం ఎప్పుడొస్తుందని అడిగింది.

ప్రేమ్‌కుమార్ షాపులో దగ్గరి కాలేజీ క్యాంపస్ పిల్లలు వరసలో ఉన్నారు. వాళ్ళ ముందే చెప్పింది. అతను మిషన్ ఆపలేదు. "ఛోడియే దీదీ, వదిలీయండి. నాను జోక్ ఏసినాను, అంతే," అన్నాడు. కాగితాలు సర్దాక తల ఎత్తి ఆమెను చూశాడు. "మరి ఆ రోజే సెప్పొచ్చు గదా," అన్నాడు. అతను జవాబు కోసం ఆగలేదు, వరసలో తరువాతి పిల్లవాడి చేతిలో కాగితాలు అందుకున్నాడు.

అందరి తరువాత నీలవేణి మిగిలింది. మొదట వెళ్ళవలసిన చోటికి చివర వెళుతున్నానని సత్యవాణికి తెలుసు. పెద్దవాళ్ళకు చెప్పడం సులువు.

ఆ పిల్ల ఇంటి వెనక గట్టు మీద కూర్చుని బడి హోంవర్కు చేసుకుంటోంది. సత్యవాణి ఎదురుగా నిలబడి, పదకొండు ఇళ్ళల్లో చెప్పిన మాటే చెప్పింది. ఇన్నిసార్లు చెప్పింది కాబట్టి తడబడలేదు. తడబడనందుకు సిగ్గు వేసింది.

నీలవేణి పెన్ను మూత పెట్టింది.

"మీకు ఆ కథ తెలీదా దీదీ?"

"తెలీదు. అప్పటికి తెలీదు."

"నాకు తెల్సు," అంది నీలవేణి. "తాత ఎన్నిసార్లు సదివినాడో. మీరు వదిలీసినాడు అన్నప్పుడు, తాత అలగ సదవలేదే అనుకున్నాను. మీరు టీచర్ గదా. తాతే తప్పు సదువుతున్నాడు అనుకున్నాను. తాతకి కూడా సెప్పినాను."

"ఏటి చెప్పినావు?"

"నువ్వు తప్పు సదువుతున్నావు తాతా, మా దీదీ కరెక్టుగా చెప్పినారు అని."

"తాత ఏమన్నాడు?"

"దీదీ సదువుకున్నాది, అయ్యుంటాదిలే అన్నాడు. తర్వాత జ్వరం వచ్చింది."

పెరట్లో ఎవరో పంపు కొడుతున్నారు. బకెట్టు నిండే చప్పుడు వినిపించింది. సత్యవాణి గట్టు మీద కూర్చోబోయి కూర్చోలేదు. నూకయ్య ముఖం ఆమెకు బాగా తెలుసు. వర్క్‌షాపు గేటు దగ్గర కనబడినప్పుడల్లా అతను ఆమెకు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టేవాడు, పిల్లలకు చదువు చెబుతోందని. ఆ రెండు చేతులతోనే ముప్పై ఏళ్ళ కథ పక్కన పెట్టేశాడు. అయ్యుంటుందిలే అన్నాడు. క్షమించమని అడగడానికి ఇప్పుడు అక్కడ మనిషి లేడు.

నీలవేణి లోపలికి వెళ్ళి ఆదివారం నోటుబుక్కు తెచ్చింది. ఆ పేజీ తీసి గట్టు మీద పెట్టింది. గుండ్రని హిందీ అక్షరాలు, కొట్టివేత ఒక్కటి కూడా లేదు.

"మీరే దిద్దండి," అంది.

సత్యవాణి వంగి, చివరి రెండు వాక్యాల మీద గీత గీసింది. కింద సరైనది రాసింది, పిల్ల చదవగలిగే అక్షరాల్లోనే. ఆగింది. ఇంకొక వాక్యం రాసింది. పైన కొట్టేసినది నేను చెప్పినదే, నీలవేణి కలిపినది కాదు. కింద సంతకం చేసింది.

పిల్ల అంతా చదివింది. ముఖంలో ఏమీ మారలేదు.

"తారీఖు ఎయ్యండి."

సత్యవాణి ఇవాళ్టి తారీఖు రాయబోయింది.

"ఇవాళ్టిది కాదు దీదీ," అంది నీలవేణి. "ఆ రోజుది."

ఏ రోజని సత్యవాణి అడగలేదు. తను ఒప్పుకోవలసిన రోజు, తాత తొమ్మిదో రోజు తారీఖు వేసి, పుస్తకం ఆ పిల్ల వైపు జరిపింది.