కొలతలమ్మ కుట్టుకున్న పట్టీ

మనిషిని ఒక్కసారి ఎగాదిగా చూసి, టేపు చేతిలోకి తీసుకోకుండానే "నడుము ముప్ఫైరెండు. పోయినసారి ముప్ఫయ్యే కదూ?" అని మొహం మీదే అనేసే ఆడదర్జీని వీధి వీధంతా కొలతలమ్మ అనే పిలిచేది. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ సరిగ్గా పెట్టారు. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని వెనక కత్తిరింపుల బల్ల, గోడ మేకులకు బడిపిల్లల యూనిఫారాలు, ఒకరిద్దరు పెద్దమనుషుల ప్యాంట్లు. పని దగ్గర ఆమెకు ఎవరి మాటా చెవికెక్కదు. పక్కవీధి దర్జీ కోటు విప్పి చూసి "పైన పటారం, లోన లొటారం" అని నలుగురిలో నవ్వించిందీ ఆవిడే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే మనిషి. అందుకే ఇదంతా ఇలా జరిగింది. లేకపోతే మూడు రోజుల మందులతో పోయేది.

పెళ్లయిన తొమ్మిదేళ్లకు కడుపు పండింది. నెలలు నిండి, పదహారు గంటలు నొప్పులు పడ్డాక, లోపల బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందని డాక్టరమ్మ ఉరుకులు పరుగుల మీద ఆపరేషన్ గదిలోకి తోయించింది. మత్తు ఇచ్చారు. కళ్లు తెరిచేసరికి కడుపు ఖాళీ, పక్క ఖాళీ. ఆడపిల్ల పుట్టిందనీ, ఊపిరి సరిగ్గా అందక అద్దాల గదిలో పెట్టారనీ చెప్పారు.

ఆ పిల్లను ముందు నర్సు చూసింది. తర్వాత నాన్న చూశాడు, నాయనమ్మ చూసింది. లిఫ్టు దగ్గర కూర్చునే వాచ్‌మన్ కూడా చూశాడట, బండి మీద తీసుకెళ్తుంటే. గది తుడవడానికి వచ్చిన ఆవిడ "నీ కూతురికి నీ ముక్కేనమ్మా" అని సంతోషంగా చెప్పి పోయింది. లోకమంతా చూశాక, మూడో రోజు పొద్దున, కన్నతల్లి చూసింది. పిల్లను చేతుల్లో పెట్టగానే ఆమెకు మొదట వచ్చింది సంతోషం కాదు, ఉక్రోషం. ఇక చచ్చినా దీన్ని ఒక్కపూట కూడా వదిలేది లేదని అప్పుడే ఒట్టు పెట్టుకుంది.

పక్క మంచం మీద ఇంకొకావిడ ఉండేది. ఆమెకూ అలాంటి ఆపరేషనే అయింది, ఇంటికి వెళ్లింది, కోత పాడై మళ్లీ వచ్చింది. బిడ్డ ఇంటి దగ్గర. చీము పట్టినవాళ్లను వేరే గదికి మారుస్తారనీ, అక్కడికి పసిపిల్లల్ని రానివ్వరనీ చెప్పింది. చెబుతుంటే ఆమె గౌను ముందంతా పాలతో తడిసిపోతోంది. "ఇప్పటికి వారం అయింది చెల్లీ. నా వాసన దానికి గుర్తుంటుందంటావా?" అని అడిగింది. మరునాడు ఆ మంచం ఖాళీ అయింది, ఆమెను ఆ గదికి పంపేశారు.

ఇంటికి వచ్చేముందు డాక్టరమ్మ మూడు మాటలు చెప్పింది. కోత ఎర్రబడినా, తడి కారినా, జ్వరం వచ్చినా వెంటనే రావాలి. బరువులు ఎత్తకూడదు. మిషను ఊసే ఎత్తకూడదు. కొలతలమ్మ బుద్ధిమంతురాలిలా తలూపింది. తలూపడానికేం, ఎవరైనా ఊపుతారు.

అత్త చెడ్డమనిషి కాదు. అలాగని నోరు మంచిదీ కాదు. నలుగురు పిల్లల్ని ఇంట్లోనే, చాప మీదే కన్నది. కోడలు మంచం దిగడానికి గోడ పట్టుకుని, పంటి బిగువున మూలిగితే చూసి, "మాకు నొప్పులు వస్తే ప్రాణం పోయి వచ్చేది. మీకేమో నిద్రపుచ్చి పిల్లని తీసి చేతిలో పెడుతున్నారు. అదృష్టవంతులమ్మా!" అనేది. పదహారు గంటల నొప్పులు ఆవిడ లెక్కలోకి రాలేదు. కోడలు తుమ్మడానికి భయపడేది, నవ్వడానికి భయపడేది. దగ్గు వస్తే దిండు కడుపుకు హత్తుకుని, కళ్లు మూసుకుని, అది పోయేదాకా ఊపిరి బిగబట్టేది. పిల్లకు పాలివ్వడానికి ఒత్తిగిల్లినప్పుడల్లా కోత దగ్గర ఎవరో గుడ్డను రెండు వైపులా పట్టుకుని లాగుతున్నట్టు ఉండేది. మొగుడు సరుకుల వ్యాను డ్రైవరు. తెల్లారకముందే వెళ్లి, వచ్చాక పిల్లను కాసేపు చూసి, "ఎలా ఉంది నీకు?" అని అడిగేవాడు. "బానే ఉంది" అనేది. అతను నమ్మేవాడు. నమ్మితే సుఖం కదా.

ఏడో రోజున ఆమె మిషను ముందు కూర్చుంది. పని కోసం కాదు. తన కోసం ఒక పట్టీ కుట్టుకోవడానికి. రెండు పొరల మందపాటి నూలుగుడ్డ, మధ్యలో కాలర్లకు వేసే గట్టి క్యాన్వాసు, వెనక మూడు వరుసల హుక్కులు, ఒక్కో వరుసకు ఒక్కో బిగువు. ముందువైపు లోపల చిన్న జేబు, మడతగుడ్డ పెట్టుకోవడానికి. కట్టుకుని లేచి నిలబడింది. కడుపు కదల్లేదు. నడిచింది. గోడ పట్టుకోకుండా నడిచింది! ఆపరేషన్ అయ్యాక మొదటిసారి ఆమె మొహంలో పాత గర్వం కనిపించింది.

"అబ్బో, సినిమాల్లో రాణిలా ఉన్నావే" అంది అత్త, నిజంగానే ముచ్చటపడి.

తొమ్మిదో రోజున కుట్లు విప్పించుకోవడానికి వెళ్లింది. నర్సు ఒక్కొక్క దారమే లాగుతుంటే తల ఎత్తి మరీ చూసింది. అంతా ఒక్క తీరుగా, సమానమైన ఎడంతో వేసిన కుట్లు. "చెయ్యి తిరిగిన పనే" అని డాక్టరమ్మను మనసులోనే మెచ్చుకుంది. ఎడమ చివర మాత్రం కాస్త తడిగా ఉందని నర్సు పట్టుకుంది. "ఎల్లుండి ఒకసారి రామ్మా, డాక్టరుగారికి చూపిద్దాం" అంది. కొలతలమ్మ పైకి తలూపింది. ఎల్లుండి వెళ్తే అడ్మిట్ అంటారు, పిల్లను ఇంటికి పంపమంటారు. ఆ తడిసిన గౌను కళ్ల ముందు కదిలింది. ఆమె వెళ్లలేదు.

వెళ్లకపోగా పట్టీ మొదటి వరుస హుక్కుల నుంచి రెండో వరుసకు మార్చింది. కుట్టు ఊడబోతుంటే దర్జీకి తెలిసిన వైద్యం అదొక్కటే, రెండు అంచులూ దగ్గరకు లాగి బిగించడం. గుడ్డ విషయంలో ఆమె ఎన్నడూ తప్పలేదు. కానీ ఒళ్లు గుడ్డ కాదే! గుడ్డకు జ్వరం రాదు, చీము పట్టదు, గాలి ఆడకపోతే కుళ్లదు. ఇంత తెలివైన మనిషికి ఆ ముక్క తట్టలేదు. తట్టలేదంటే అబద్ధం, తట్టనివ్వలేదు. లోపలి మడతగుడ్డ రోజుకు రెండుసార్లు మార్చి, ఎవరూ చూడకుండా స్నానాలగదిలో ఉతికి, యూనిఫారాల వెనక ఆరేసేది. అది పసుపుగా ఉండేది. తర్వాత ఆకుపచ్చ దిగింది. జ్వరం వచ్చిన పూట బిళ్ల మింగి "ఎండ కదత్తయ్యా" అనేది. మూడో వరుస హుక్కులకు మారింది. పిల్లను ఎత్తుకుని పాలిస్తున్నంతసేపూ చెమటలు కారిపోతుంటే, "ఒక్క నెల ఆగవే తల్లీ, నెలకి అదే మానిపోతుంది" అని పిల్లతో చెప్పుకునేది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, ఆమె మందు అలా పనిచేస్తోంది.

వీధి చివర మందుల షాపులో పనిచేసే అమ్మాయికి ఎనిమిదో నెల. తనకూ ఆపరేషనే అవుతుందని డాక్టరు చెప్పాడట. పట్టీ సంగతి ఆ నోటా ఈ నోటా విని, తనకూ ఒకటి కుట్టిపెట్టమని వచ్చింది. ఆ రోజుకు పిల్ల పుట్టి పదిహేను రోజులు. కొలతలమ్మ మిషను మీద ఆ అమ్మాయి గుడ్డే ఉంది. కూర్చున్న చోటునుంచే, "లోపల జేబు ఎక్కడొస్తుందో నాది చూపిస్తా, చూడు" అని పైట పక్కకు తీసింది.

అమ్మాయి వంగి చూసి, చటుక్కున వెనక్కి జరిగింది. "అక్కా, ఏంటీ వాసన?"

"చెమటే. ఎండలు చూశావుగా."

"నేను పొద్దస్తమానం పుళ్లకి మందులిచ్చేదాన్నక్కా. ఇది చెమట కాదు. విప్పు."

"విప్పేదేం లేదు. నీ కొలత..."

"విప్పక్కా!" అంటూనే ఆ అమ్మాయి వెనక్కి వెళ్లి హుక్కులు తీసేసింది. అంత బిగువునా ఒక్కసారిగా వదిలేసరికి కొలతలమ్మ కళ్లు తిరిగి బల్ల అంచు పట్టుకుంది. ఎడమ చివర కోత విచ్చుకుని ఉంది. కింద చర్మం అరచేయంత మేర వంకాయ రంగుకు తిరిగింది. గుడ్డ తడిసి, కారింది కుర్చీ దాకా వచ్చింది. అమ్మాయి కేకకు అత్త పిల్లను భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చింది. చూసింది. నలుగుర్ని చాప మీద కన్న మనిషి, అక్కడే నేల మీద కూలబడిపోయింది.

"ఎందుకు చెప్పలేదే? నోరు లేదా నీకు? నేనేం పరాయిదాన్నా?"

"చెబితే పిల్లని వదిలి పొమ్మంటారుగా అత్తయ్యా" అంది కోడలు. ఆ మాట అంటూనే వలవల ఏడ్చేసింది. ఏడిస్తే కోత లాగుతుంది, లాగితే ఇంకా ఏడుపొస్తుంది. ఆ రెండింటి మధ్య ఇరుక్కుని, చంటిపిల్లలా నోరు తెరుచుకుని ఊపిరి కోసం ఎగపోసింది. పిల్లను ఇమ్మని చేతులు చాపింది. అత్త ఇవ్వలేదు. తనకు తగిలిన ఆ చేతులు ఎంత వేడిగా ఉన్నాయో ఆవిడకు అప్పుడు తెలిసింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కోతను మళ్లీ తెరిచి, కడిగి, కుట్టకుండా వదిలేశారు. లోపలినుంచి మాంసం పూడుకుంటూ రావాలట, పైన మూస్తే లోపల మళ్లీ చీమే పడుతుందట. రోజూ పొద్దున నర్సు వచ్చి పాత గాజుగుడ్డ లాగి కొత్తది కూరేది. ఆ లాగేటప్పుడు కొలతలమ్మ దుప్పటి కొరికేది. "అప్పుడే, రమ్మన్న రోజున వచ్చుంటే మూడు రోజుల్లో పంపేవాళ్లమమ్మా" అంది నర్సు ఒకరోజు, మామూలుగానే. తర్వాత నాలుక కరుచుకుంది. కొలతలమ్మ పైకప్పు ఫ్యాను వంక చూస్తూ పడుకుంది. మూడు రోజులు. మూడంటే మూడు.

ఆ గది అదే గది. పిల్లల్ని రానివ్వరు. పాలు ఇంకిపోకుండా పిండుతూ ఉండమని నర్సు చెబితే, మొదట్లో గంటగంటకూ పిండి గిన్నెలో పోసేది. జ్వరం, నొప్పి, దిగులు కలిసి ఆరో రోజుకు చుక్కలకు దించాయి. ఎనిమిదో రోజుకు అవీ లేవు. మొగుడు రోజూ ఫోనులో పిల్ల ఫోటో తెచ్చేవాడు. ఆమె వేళ్లతో పెద్దది చేసి, పిల్ల మణికట్టు ఎంత లావెక్కిందో చూసేది. "చొక్కాలు బిగువవుతున్నాయి, భుజం అరంగుళం పెరిగింది" అనేది. అతను పక్కకు తిరిగి కళ్లు తుడుచుకునేవాడు. ఒకరోజు "ఏవండీ, అది నాకోసం ఏడుస్తోందా?" అని అడిగింది. ఏడవట్లేదు, సీసా పాలు తాగి హాయిగా నిద్రపోతోంది, కంగారు పడకు అని చెప్పాడు. మంచి మాటే చెప్పాననుకున్నాడు పాపం.

పదకొండు రోజుల తర్వాత ఇంటికి వచ్చింది. ఇంకా నెల రోజులు రోజూ కట్టు మార్చాలి. ఆ పని నేర్చుకున్నది అత్తే. అదృష్టవంతులన్న మాట ఆవిడ మళ్లీ ఎత్తలేదు. చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, గాజుగుడ్డ కూరుతూ, కోడలికంటే ముందు తానే "అబ్బా అబ్బా" అనేది.

కట్టు అయ్యాక కోడలి ఒళ్లో దిండు పెట్టి, దాని మీద పిల్లను పడుకోబెట్టింది. పిల్ల కొత్తమనిషిని చూసినట్టు చూసింది. కొలతలమ్మ రొమ్ము అందించింది. పిల్ల నోట్లోకి తీసుకుంది, ఒకటి రెండుసార్లు లాగింది, ఏమీ రాకపోయేసరికి వదిలేసి గుక్కపట్టింది. ఒళ్లు విల్లులా వంచి కాళ్లతో తన్నింది. తన్నిన ప్రతిసారీ దిండు కింద కోత మండిపోతోంది. అత్త ఎదురుగా నిలబడి, సగం చాపిన చేతుల్ని బలవంతాన వెనక్కి తీసుకుంటోంది.

"ఉంచుకో అమ్మాయ్. నీ పిల్లే కదా, కాసేపట్లో అదే అలవాటుపడుతుంది."

కొలతలమ్మ ఉంచుకుంది. జోకొట్టింది. పిల్ల మొహం కందిపోయింది. అప్పుడు, ఎవరూ అడక్కుండానే, "తీసుకోండత్తయ్యా" అంది.

నాయనమ్మ భుజానికి చేరగానే పిల్ల వెక్కుతూ వెక్కుతూ ఊరుకుంది. బరువు తొలగేసరికి కోత దగ్గర మంట కూడా తగ్గింది. ఒళ్లంతా తేలికపడి, హమ్మయ్య అనిపించింది కొలతలమ్మకు. అలా అనిపించినందుకు భయం వేసింది.

"పడుకుందే. మెల్లగా నీ పక్కలో వెయ్యనా?" అంది అత్త.

"కాసేపాగి."

సాయంత్రం అత్త మళ్లీ అడిగింది. గోడవైపు తిరిగి పడుకున్న కోడలు, "రేపు చూద్దాంలెండి" అంది.