కప్పుతో వాకిట్లోనే నిలబడ్డ రోజు

మా చిన్నప్పుడు ఇంట్లో పట్టుపురుగు ఉందంటే... పౌడరు బంద్, ఊదొత్తి బంద్, తాలింపు ఘాటు బంద్. పురుగుకి వాసన పడదు. కర్ణాటకలో కెంచార్లహళ్ళి దగ్గర మా పల్లెలో మాది ఒకటే పెద్ద గది. సగంలో పురుగుల తట్టలు, మిగిలిన సగంలో మేము.

ఆ ఏడు నేను పదో తరగతి. హైస్కూల్లో అందరూ ఓట్లేసి నన్ను శాలా నాయకిని చేశారు. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. "మా పాప లీడరంట" అని అమ్మ పక్కింటావిడకి చెప్పి, ఆ పైన ఏం చెప్పాలో తెలియక నవ్వేసింది. నాయన మాత్రం "లీడరైతే ఆకు కోసే పని తప్పుతాదా మే?" అన్నాడు.

ఖోఖో జట్టుకి కూడా నేనే కెప్టెన్‌ని. తాలూకు పోటీలు చింతామణిలో. అవి ఏ రోజు పడ్డాయో చూడండి... సరిగ్గా మా పురుగు పండే రోజు!

పండిన పురుగు మేత మానేస్తుంది. ఒళ్ళు పసుపు పచ్చగా మెరుస్తూ తల పైకెత్తి ఊపుతుంది. అప్పుడే దాన్ని ఏరి, గూడు అల్లుకునేందుకు వెదురు తడికలాంటి చంద్రిక మీద వేయాలి. ఆలస్యమైతే తట్టలోనే ఆకుల మధ్య గూడు అల్లుకుని పాడైపోతుంది. అందుకే ఆ రోజు ఇంట్లో ప్రతి చెయ్యీ కావాలి...

"సాయంత్రం బస్సుకి వచ్చేయల్ల," అన్నాడు నాయన. "నీ చేతులు లేక పంట పోయిందనుకో, నీ బడి గూడా దాంతోనే పోతాది. మళ్ళా నన్ను అడగొద్దు."

ఉత్త బెదిరింపులు చేసే మనిషి కాదు ఆయన. ఆ మాట కడుపులో పెట్టుకునే బస్సెక్కాను.

ఫైనల్లో మలుపు తిరగబోయి మోకాలి మీద పడ్డాను. నేను లేచేలోపే పీటీ సార్ పరిగెత్తుకొచ్చి నొప్పి స్ప్రే బుస్సుమని కొట్టేశారు. చల్లగా తగిలింది... ఘాటు ముక్కుకి ఎక్కాక గానీ నాకు వెలగలేదు.

"సార్, మా ఇంట్లో పురుగులుండాయి సార్!"

ఆయన బెంగళూరు మనిషి. ఆయనకేం తెలుసు... "ఆడమ్మా, ఆడు!" అని ముందుకి తోశారు.

గెలిచాం. కప్పు నా చేతికిచ్చారు. నా కళ్ళ నీళ్ళు చూసి అందరూ సంతోషం అనుకున్నారు. నేను కొళాయి దగ్గరికి పోయి మన్నేసి, బట్టేసి, చర్మం ఎర్రబడేదాకా రుద్దాను. వాసన పోలేదు.

బస్సులో మా జట్టు గంగరత్న నా పక్కన కూర్చుంది. వాళ్ళింట్లోనూ పురుగుల పనే. నా మోకాలి దగ్గరికి వంగి ముక్కు మూసుకుంది. "ఈ వాసనతో లోపలికి పోతే మీ అవ్వ నిన్నే చంద్రికకి కట్టేస్తాది మే!"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

"ఇంట్లో ఏరేదానికి ఎవురెవురుండారు?" అని మెల్లగా అడిగింది.

"నాయన, అమ్మ, అవ్వ. అంతే."

నవ్వులు ఆగిపోయాయి. గంగరత్న వెనక్కి తిరిగి "ఇంకెవురికన్నా స్ప్రే కొట్టినాడా సార్?" అంది. ఎవరికీ కొట్టలేదు. "అయితే అందరం ఈడే దిగల్ల. మీ ఇండ్లకి నేను చెప్పి పంపిస్తా."

దీపాలు పెట్టే వేళకి మా వాకిట్లో ఉన్నాం. అవ్వ గుమ్మంలోంచే అరిచింది. "ఆడే నిలబడు! ఏందా వాసన?"

నాయన బయటికొచ్చాడు. కప్పు చూశాడు. నా మోకాలు చూశాడు. తిట్టినా బాగుండేది. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

"నాయనా, నేను లోపలికి రాను," అన్నాను. "వీళ్ళొస్తారు."

ఆయన పక్కకి జరిగి దారిచ్చాడు.

వాళ్ళు కాళ్ళూ చేతులూ కడుక్కుని లోపలికెళ్ళారు. గంగరత్నకి తప్ప ఎవరికీ ఆ పని సరిగ్గా రాదు. నేను గాలి ఇంటి మీదికి పోని వైపు దూరంగా నిలబడి, కిటికీలోంచి చూస్తూ అరుస్తూనే ఉన్నాను. "పచ్చగా మెరిసేదే ఏరండి! తెల్లదాన్ని ముట్టొద్దండి! నలపొద్దు... ఒకదాని మీద ఒకటి ఎయ్యొద్దు!"

"ఇది పండిందా లేదా కెప్టెన్?" అని లోపల్నుంచి ఒకమ్మాయి.

"తలెత్తి చూస్తాందా?"

"చూస్తాంది మే! నన్నే చూస్తాంది!"

లోపల మా అమ్మ నవ్వు వినిపించింది.

అన్నీ ఏరేశాక నాయన చేతులు తుడుచుకుంటూ వచ్చి కప్పు తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి వాసన చూశాడు. దాన్ని ఇంట్లో కాదు, పశువుల కొట్టంలో గోడ గూట్లో పెట్టాడు. "వాసన పోనీ. గూళ్ళు కట్టినాక లోపల పెడదాం," అన్నాడు. ఆ రెండో మాటకి నాకు కొంచెం ఊపిరి ఆడింది...

పురుగులు గూళ్ళు కట్టేదాకా నాకు అన్నం సహించలేదు. రోజూ బడి నుంచి వస్తూ ముందు కొట్టంలో ఆ గోడ గూటివైపే చూసేదాన్ని. ఒక సాయంత్రం అక్కడ కప్పు లేదు. భయంతో లోపలికి పరిగెత్తాను... దేవుడి పటం పక్కన ఉంది!

పంట నిలబడింది. నా బడీ నిలబడింది.

ఇప్పుడు పురుగులకి చేనులో వేరే షెడ్డు ఉంది, ప్లాస్టిక్ చంద్రికలొచ్చాయి. నాయన కూడా తన మోకాళ్ళకి అదే స్ప్రే కొట్టుకుంటున్నాడు... షెడ్డుకి ఆమడ దూరంలో! ఆ అమ్మాయిలు మాత్రం తలా ఒక ఊరు పోయారు. నన్ను కెప్టెన్ అని పిలిచేవాళ్ళే లేరు. అడక్కుండానే బస్సు దిగి వెంట వచ్చేవాళ్ళూ లేరు...

మీ ఇంట్లో పని మీద పడ్డ రోజు అలా మీ వెంట దిగిన స్నేహితులెవరు? వాళ్ళ పేర్లు కింద రాయండి... చదువుకుంటాను.