అల్మారాలో ఎరుపు, పెట్టెలో తెలుపు

మొన్న జగిత్యాలలో డాక్టరు చదువు చదువుతున్న మా మనవరాలు ఫోన్ చేసి, ఆ రోజు క్లాసులో చూపించిన ఒక క్రిమి చల్లని చోట ఎర్రగానూ, మన ఒంటి వేడిలో తెల్లగానూ పెరుగుతుందని చెబుతుంటే, ఒలుస్తున్న చిక్కుడుకాయల చాట పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. ఆ క్రిమి నాకు తెలియకపోవడమేమిటి! ముప్ఫై ఏళ్ల కిందట కోరుట్లలో నా ఉద్యోగానికి ఎసరు పెట్టింది అదే. పాత శత్రువు కబురు మనవరాలి నోట వినడంలో ఎంత సంబరం ఉంటుందో నా ఈడు వాళ్లకు వేరే చెప్పాలా?

అప్పట్లో నేను ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో ల్యాబ్ పని చేసేదాన్ని. ల్యాబ్ అంటే ఒక కిటికీ, ఒక మైక్రోస్కోపు, క్రిములను ఒంటి వేడిలో ఉంచి పెంచే ఒక కరెంటు పెట్టె, అంతే. నాకు పని నేర్పిన పెద్దాయన దేవుణ్ణయినా నమ్మేవాడు గానీ కరెంటును నమ్మేవాడు కాదు. అందుకే ఏ నమూనా వచ్చినా రెండు గాజు పళ్లేలలో వేసి, ఒకటి పెట్టెలో పెట్టి, రెండోది అల్మారాలో దాచమనేవాడు. ఆయన పోయాక కూడా నేను ఆ అలవాటు మానలేదు.

ఒక చలికాలం, ఆపరేషన్ అయిన ఒక బాలింతకు కుట్లు మానక చీము పట్టింది. పెనిమిటి దుబాయిలో ఉన్నాడు. ఆమె పసిపాపను పక్కన వేసుకుని జ్వరంతో మూలుగుతూ ఉండేది. ఏ మందు ఇవ్వాలో తేలాలంటే ఆమె గాయంలో ఉన్న క్రిమి ఏదో ముందు నేను చెప్పాలి. రెండో రోజు సాయంత్రం చూద్దును కదా, పెట్టెలోని పళ్లెంలో తెల్ల చుక్కలు, అల్మారాలోని దాంట్లో కుంకుమ చల్లినట్టు ఎర్ర చుక్కలు! ఒకే మనిషి చీములో రెండు రకాలెలా వస్తాయని డాక్టరు గారు మండిపడ్డారు.

"ఎవలి చీముల ఎవలిది కలిపినవ్? గురువారం దాక సరిగ్గ చెప్పు. లేకుంటె ఇగ పనికి రాకు."

ఆ ఆదివారం సిరిసిల్లకు, మా తల్లిగారింటికి వెళ్లి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. మా బాపు జీవితమంతా నూలుకు రంగులద్దిన మనిషి. క్రిముల సంగతి ఆయనకేం తెలుసు? అయినా అన్నం కలుపుతూ నా గోడంతా విని, తలెత్తకుండానే అన్నాడు.

"నీళ్ల వేడి మారితె ఒక్క గంగాళంల రంగే మారుతది. నీ పురుగు మారదా బిడ్డా?"

నేను ముద్ద వదిలేసి లేచాను! సోమవారం పొద్దున్నే, వేములవాడలో తలనీలాలిచ్చి వస్తున్న యాత్రికుల గుండ్ల నడుమ బస్సులో నిలబడి కోరుట్ల చేరి, తెల్ల చుక్కను తీసి అల్మారాలోనూ, ఎర్ర చుక్కను తీసి పెట్టెలోనూ కొత్త పళ్లేలలో పెంచాను. బుధవారం తెరిస్తే తెల్లది ఎర్రబడింది, ఎర్రది తెల్లబడింది. ఆనందం పట్టలేక నేను వేసిన కేకకు ఆయా చీపురు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది, పామనుకుని.

క్రిమి ఒక్కటేనని తేలాక, అది గాయంలోకి ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చూడాలనిపించింది. చల్లగా, తడిగా ఉండే చోట్లన్నీ వెతికాను. కట్లు కట్టేటప్పుడు గాయం కడిగే మందునీళ్ల సీసా ఒకటుండేది. అడుగున కాస్త మిగిలి ఉండగానే, పారబోయడం దండుగని, దాంట్లోనే కొత్తవి కలిపి పోసేవారు. ఆ అడుగునీళ్లు పళ్లెంలో వేస్తే మళ్లీ అదే కుంకుమ రంగు! డాక్టరు గారు నా ముఖం వైపు చూడకుండా సీసా పారేయించి, సరైన మందు మొదలుపెట్టారు. పది రోజుల్లో గాయం మానింది.

రంగెందుకు మారుతుందో మాత్రం అప్పుడు నాకు తెలియలేదు. మొన్న మా మనవరాలు చెప్పింది.

"అమ్మమ్మా, దుబాయిల ఉన్నోడు గక్కడ హిందీ మాట్లాడి, కోరుట్ల బస్టాండ్ల దిగంగనే మన మాట అందుకోడా? గిది గూడ గట్లనే. జన్యువులన్ని దాని లోపల్నే ఉంటయ్. వేడిని బట్టి కొన్నిటిని తెరుస్తది, కొన్నిటిని మూస్తది."

రంగొక్కటే కాదట. రోగం తెచ్చే క్రిములు చాలావరకు ఒంటిలోకి రాగానే వేడి ఎంత, ఉప్పెంత, ఇనుము దొరుకుతుందా లేదా అని పసిగట్టి, పేగును కరిచి పట్టుకునే జన్యువునో, విషం చేసే జన్యువునో అప్పుడే మేల్కొలుపుతాయట. కంటికి కనబడని ప్రాణికి ఎంత తెలివి! ఈ వయసులో ఆ సంగతి తెలిసి నాకు రెండు రోజులు కాలు నిలవలేదు.

ఆనాడు గాయం మాని ఇంటికి వెళ్లే రోజు ఆ బాలింత పాపను భుజాన వేసుకుని ల్యాబ్ తలుపు తట్టింది, తనను అంత బాధపెట్టిందాన్ని ఒకసారి చూస్తానని. మూత తియ్యకుండా పళ్లెం చూపించాను.

"అయ్యో, గిది గింత మంచిగున్నదా! గీ రంగు చీర నా తాన గూడ లేదక్కా."

ఇద్దరం పడీ పడీ నవ్వాము. ఇప్పుడు నమూనాలు మూత బిగించిన గొట్టాల్లో హైదరాబాదుకు పోతున్నాయి, యంత్రాలు చదువుతున్నాయి, ఫలితం ఫోనులోకి వస్తోంది. మంచిదే. ఆ రోజుల్లో ఇవన్నీ ఉంటే ఆ తల్లి అన్ని రోజులు జ్వరంతో కాలిపోయేది కాదు. మా మనవరాలికి ఆ క్రిమి జన్యువుల పేర్లన్నీ నోటికి వచ్చు. కానీ తన రోగాన్ని చూస్తానంటూ ఇంతవరకు ఒక్క మనిషి కూడా వాళ్ల ల్యాబ్ తలుపు తట్టలేదట.